‘తగ్గి రామ్మా’: ఒక సలహా పూర్వాపరాలు

పిల్లల కోసం డాక్టరు దగ్గరికి వెళ్ళిన ఆడమనిషిని “ముందు బరువు తగ్గి రామ్మా” అని తిప్పి పంపడం కార్పొరేట్ ఆసుపత్రులు కనిపెట్టిన పద్ధతని చాలామంది అనుకుంటారు. ఆ మాటకి దాదాపు 2,400 ఏళ్ళ వయసుంది. గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరు మీద చలామణీ అయ్యే గ్రంథాల్లో గాలి, నీరు, నేల మనిషి ఒంటిని ఎలా మారుస్తాయో చెప్పే పుస్తకం ఒకటుంది. నల్లసముద్రానికి ఉత్తరాన గడ్డి మైదానాల్లో తిరిగే సిథియన్లకి సంతానం ఎందుకు తక్కువో అందులో చర్చించారు. మగవాళ్ళు పొద్దస్తమానం గుర్రం మీదే ఉంటారు, అదొక కారణం. ఆడవాళ్ళు కదలకుండా కూర్చుని ఒళ్ళు చేస్తారు, నెలసరి సరిగా రాదు, కొవ్వు గర్భసంచి నోరు మూసేస్తుంది, ఇది రెండోది. రుజువు కోసం రచయిత వాళ్ళ ఇళ్ళలోని బానిస స్త్రీలని చూపించాడు. వాళ్ళు పనిచేస్తారు, సన్నగా ఉంటారు, మగవాడి దగ్గరికి వెళ్ళడమే ఆలస్యం, కడుపు పండుతుంది అన్నాడు.

నేను విజయవాడలో డైటీషియన్‌ని. పిల్లల కోసం మందులు వాడుతున్న దంపతులకి ఏం తినాలో, ఎంత నడవాలో చెప్పడం నా పని. ఈ భాగం చదివితే నాకు నవ్వూ కోపమూ ఒకేసారి వస్తాయి. కొవ్వు వెళ్ళి గర్భసంచి నోటికి అడ్డంపడదు. కానీ ఒంటి కదలికకీ నెలసరికీ ఏదో లంకె ఉందని పట్టుకున్నవాడి చూపు మాత్రం చురుకైనదే. ఆ బానిస స్త్రీకి పిల్లలు కావాలో వద్దో అతను అడగలేదు. ఆడదాని ఒంటి మీద చెప్పిన వైద్యంలో చాలా భాగం ఈ తీరుగానే నడిచింది: కంటితో చూసింది నిజమే, కారణం మాత్రం ఊహ, సలహా ఇచ్చే గొంతులో అనుమానం ఉండదు.

మన చరకుడు ఇంకాస్త నిదానస్తుడు. చరకసంహిత సూత్రస్థానం 21వ అధ్యాయంలో లోకం చిన్నచూపు చూసే ఎనిమిది రకాల శరీరాలని లెక్కపెట్టాడు. మరీ పొడుగు, మరీ పొట్టి, ఒళ్ళంతా రోమాలున్నవాళ్ళు, అసలు లేనివాళ్ళు, మరీ నలుపు, మరీ తెలుపు, మరీ లావు, మరీ సన్నం. లెక్కపెట్టి ఊరుకోకుండా చివరి ఇద్దరికీ వైద్యం రాశాడు. అది నాకు నచ్చుతుంది, ఎందుకంటే లావుకి రాసినవాడు సన్నానికీ రాశాడు. లావు వల్ల వచ్చే కష్టాల్లో ఆయుష్షు తగ్గడం, నీరసం, చెమట, ఆగని ఆకలితో పాటు దాంపత్యం కష్టమవడాన్నీ చేర్చాడు. తగ్గడానికి కడుపు మాడ్చుకోమనలేదు. తిన్నట్టుండాలి, ఒంటికి పట్టకూడదు, అదీ ఆయన సూత్రం. అందుకు చెప్పిన దినుసులు యవలు, కొర్రలు, చామలు, ఆరికలు, పెసలు, ఉలవలు. సిరిధాన్యాల కొట్టు పెట్టినవాళ్ళు చరకుణ్ణి చదివి పెట్టారో లేదో తెలియదు గానీ సరుకుల పట్టీ మాత్రం ఆయనదే.

వ్యాయామానికి కొలత పెట్టింది సుశ్రుతుడు. నీకున్న బలంలో సగం వరకే చెయ్యమన్నాడు. సగం వచ్చిందని తెలిసేదెలా? ఊపిరి నోటి దాకా రావాలి, అక్కడ ఆగిపోవాలి. దాటితే వచ్చే రోగాల జాబితా కూడా ఇచ్చాడు. ఇప్పటి ఫిజియోథెరపిస్టులు “నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి” అంటారు. చూడబోతే అదీ ఇదీ దాదాపు ఒకచోటికే వస్తాయి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్న అమ్మాయికి నేను చెప్పేది కూడా ఇంతకంటే పెద్దగా ఏమీ లేదు.

తెలుగునాట ఇంటి సంగతి వేరు. తెనాలి దగ్గర పల్లెలో మా అమ్మమ్మకి వ్యాయామం అన్న మాటతో పని పడలేదు. తెల్లారకముందే నూతిలోంచి నీళ్ళు తోడడం, రోట్లో వడ్లు దంచడం, తిరగలిలో పిండి విసరడం, ఇంత చేసి సన్నగా ఉండేది. ఆ సన్నమే ఊళ్ళో లోటు. కొత్తకోడలు కాస్త ఒళ్ళు చేస్తే “ఇక నీళ్ళోసుకుంటుందిలే” అని సంబరపడేవాళ్ళు. తగ్గమని చెప్పిన నాథుడు లేడు. పిల్లలు ఆలస్యమైతే చెప్పేవి వేరే ఉండేవి. రావిచెట్టుకి ప్రదక్షిణలు చెయ్యి, నాగులచవితికి పుట్టలో పాలు పొయ్యి, మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుడికి మొక్కుకో, వారానికో పొద్దు ఉపవాసం ఉండు. తడిబట్టలతో పొద్దున్నే నూటెనిమిది చుట్లు తిరగడం మంచి నడకే, నేను కాదనను. ఉపవాసాల మీద ఉపవాసాలు మాత్రం అప్పటికే అరకొరగా తినే ఒంటికి మంచి చెయ్యవు. ఈ ఆశ ఎక్కడికీ పోలేదు. 2024 ఏప్రిల్‌లో చిలుకూరు బాలాజీ గుళ్ళో సంతానం లేనివాళ్ళకి గరుడ ప్రసాదం పంచుతారని తెలిసి వచ్చిన జనానికి హైదరాబాదు శివారు రోడ్లు స్తంభించాయి.

మొక్కులు కాక మందు కావాలంటే మద్రాసు నుంచి వచ్చేది. ఒంగోలు ప్రాంతం నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడ్డ డాక్టర్ కె.ఎన్. కేసరి కేసరి కుటీరం స్థాపించి, స్త్రీల రోగాలకి ‘లోధ్ర’ అనే మందు తయారుచేశాడు. ఆడవాళ్ళ కోసం 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక నడపడం మొదలుపెట్టిందీ ఆయనే. ఆ కాలపు వైద్యమంతా గర్భాశయం చుట్టూ తిరిగేది. లోపం ఉంటే సంచిలో ఉంది, మందు పడితే అది బాగవుతుంది, అంతే. మొత్తం ఒంటికీ, తినే తిండికీ, చేసే పనికీ దానితో సంబంధం ఉందనే మాట వినపడదు. దేహదారుఢ్యం గురించి కబుర్లు అప్పుడు చాలానే ఉండేవి, మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగుని ఎక్కించుకున్నాడని జనం చెప్పుకునేవాళ్ళు. తాలింఖానాలో ఆడపిల్లకి మాత్రం చోటు లేదు.

తర్వాత రైసు మిల్లు వచ్చింది, గ్రైండరొచ్చింది, మోటారొచ్చింది. ఆడవాళ్ళ రెక్కలు కాస్త విశ్రాంతి తీసుకున్నాయి, అందుకు నేనేమీ బాధపడను. రోట్లో దంచిన తరాన్ని తలుచుకుని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళలో దంచినవాళ్ళు ఉండరు. పని తగ్గినా పళ్ళెంలో అన్నం కొండ మాత్రం తగ్గలేదు, చిక్కు అక్కడ వచ్చింది. ఆ కొండ పక్కన పప్పు చిన్నగరిటెడే. మన పోషకాహార శాస్త్రం చాలాకాలం దీన్ని చూడలేదు, చూసే తీరికా లేదు. 1918లో కూనూరులో బెరిబెరి పరిశోధనకి మొదలైన చిన్న విభాగం పెరిగి, 1958లో హైదరాబాదుకి మారి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దాన్ని నడిపించిన డాక్టర్ సి. గోపాలన్ తరానికి ఎదురైనవి క్వాషియార్కర్, పెల్లాగ్రా, రక్తహీనత, అన్నీ తిండి లోటు జబ్బులే. నేను చదువుకునే రోజుల్లో కూడా పాఠంలోని గర్భిణి అంటే బక్కపలచని మనిషే. లావుగా ఉండి నెలసరి రాని అమ్మాయి మా పుస్తకంలో ఒక పేరా.

ఆ పేరా చికాగోలో పుట్టింది. 1935లో మైకేల్ రీస్ ఆసుపత్రి వైద్యులు ఇర్వింగ్ స్టెయిన్, మైకేల్ లెవెంథాల్ ఏడుగురు స్త్రీల గురించి రాశారు. నెలసరి ఆగిపోయింది లేదా ఎప్పుడో ఒకసారి వస్తోంది, అండాశయాలు ఉబ్బి చిన్న చిన్న నీటిబుడగలతో నిండి ఉన్నాయి, కొందరికి ముఖం మీద వెంట్రుకలు, కొందరికి లావు. వాళ్ళు కడుపు కోసి రెండు అండాశయాల్లోనూ సగం నుంచి ముప్పాతిక దాకా ముక్క తీసేశారు. నెలసరి తిరిగొచ్చింది. అలా ఎందుకైందో వాళ్ళకి తెలియదు, అయినా ఆ కోత దశాబ్దాల పాటు వైద్యమైంది. 1960ల్లో అండం విడుదల చేయించే క్లోమిఫీన్ మాత్ర వచ్చాక కత్తి పక్కకి జరిగింది. ఇవాళ పీసీఓఎస్ అని పదో తరగతి పిల్లలు కూడా అనేస్తున్న జబ్బు ఇదే. ఒంట్లో ఇన్సులిన్ ఎక్కువైతే అండాశయం మగ హార్మోన్లు ఎక్కువగా తయారుచేస్తుంది, అండం ఎదిగే దారిలో మధ్యలో ఆగిపోతుంది. ఈ సంగతి తేలడానికి స్టెయిన్ తర్వాత దాదాపు యాభై ఏళ్ళు పట్టింది. తేలాకే బరువు మాట డాక్టర్ల నోటికి గట్టిగా వచ్చింది.

ఈలోపు కథ అవతలి వైపు నుంచి, ఆకలి వైపు నుంచి, నడిచింది. 1944–45 చలికాలంలో జర్మన్ల దిగ్బంధంలో పడమటి హాలండ్ పట్టణాల్లో మనిషికి రోజుకి వెయ్యి కేలరీల రేషను కూడా దక్కలేదు. తొమ్మిది నెలల తర్వాత పుట్టిన పిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. తిండి దొరికాక మళ్ళీ లేచింది. 1974లో హార్వర్డ్‌లో రోజ్ ఫ్రిష్, జానెట్ మెకార్థర్ ‘సైన్స్’ పత్రికలో ఒక లెక్క చెప్పారు: మొదటిసారి నెలసరి రావాలంటే ఒంట్లో 17 శాతం కొవ్వు, క్రమంగా నిలవాలంటే 22 శాతం ఉండాలి. పరుగుపందేల అమ్మాయిలకీ బాలే నర్తకులకీ నెలసరి ఎందుకు ఆగిపోతుందో ఇది చెప్పినట్టనిపించింది. అంకె మాత్రం నిలబడలేదు. సన్నగా ఉండి చక్కగా నెలసరి వచ్చే క్రీడాకారిణులు కనిపించారు.

తర్వాత ఆన్ లౌక్స్ అనే అమెరికన్ పరిశోధకురాలు ఆరోగ్యంగా ఉన్న అమ్మాయిలని తీసుకుని ఐదేసి రోజులు తిండినీ వ్యాయామాన్నీ కొలిచి ఇచ్చింది, ఆ పైన ఇరవైనాలుగు గంటలు పది నిమిషాలకోసారి రక్తం తీసి చూసింది. 2003లో అచ్చయిన ఆ పనిలో తేలిందేమిటంటే, వ్యాయామానికి ఖర్చయింది పోగా కొవ్వు కాని ఒంటి బరువులో కిలోకి 30 కేలరీలకంటే తక్కువ మిగిలితే అండం విడుదలని నడిపించే హార్మోను లయ తప్పుతుంది. ఐదు రోజుల్లోనే! ఒంట్లో కొవ్వు కరగడానికి కూడా అంత వ్యవధి చాలదు. ఈ ప్రయోగాన్ని నేను ఎంతమందికి చెప్పానో. కొన్నేళ్ళ కిందట అన్నం పూర్తిగా మానేసి కొబ్బరినూనె తాగే డైటు మన జిల్లాల్లో ఊపందుకున్నప్పుడు, నెలసరి వస్తున్నవాళ్ళకి కూడా ఆగిపోయి నా దగ్గరికి వచ్చారు. “పన్నెండు కిలోలు తగ్గాను మేడమ్” అని గర్వంగా చెప్పేవాళ్ళు. తగ్గారు. ఇంటికి కరువొచ్చిందని మెదడు అనుకుంది, పిల్లల పని వాయిదా వేసింది.

ఇక అసలు మలుపు ఆస్ట్రేలియాలో, ఆడిలైడ్‌లో. 1990ల్లో రాబర్ట్ నార్మన్ బృందంలోని ఆన్ క్లార్క్, లావుగా ఉండి అండం విడుదల కాని ఆడవాళ్ళని ఒక గుంపుగా చేర్చి ఆరునెలల పాటు వారం వారం కలిపింది. డైటు కాగితం చేతిలో పెట్టి పంపలేదు. కలిసి కొంచెం వ్యాయామం, తర్వాత కూర్చుని కబుర్లు: వంట, దిగులు, అత్తారింట్లో పడే మాటలు, అన్నీ. 1995లో వచ్చిన తొలి ఫలితం: 13 మంది సగటున 6.3 కిలోలు తగ్గారు, 12 మందికి అండం విడుదల మొదలైంది, 11 మందికి గర్భం వచ్చింది, అందులో ఐదుగురికి ఏ మందూ లేకుండా. 1998లో పెద్ద గుంపు: 67 మందిలో 60 మందికి అండం తిరిగొచ్చింది, 45 మంది బిడ్డని ఎత్తుకున్నారు. సన్నబడ్డాక కూడా వాళ్ళు లావువాళ్ళే, అదీ విశేషం. ఉన్న బరువులో ఐదు నుంచి పది శాతం తగ్గితే చాలని మేమంతా చెప్పే మాటకి పునాది ఈ తరహా పనే. 80 కిలోల మనిషికి నాలుగు కిలోలు. అద్దంలో తేడా కనపడని ఆ నాలుగు కిలోలకి ఇన్సులిన్ దిగుతుంది.

కానీ ఈ ఫలితం ప్రపంచమంతా తిరిగేసరికి ఆకారం మారిపోయింది. గుంపు పోయింది, కబుర్లు పోయాయి, అంకె మిగిలింది. బరువుని ఎత్తుతో పోల్చే బీఎంఐ ఇంతకి దిగితేనే ఐవీఎఫ్ అని చాలా దేశాల్లో గేటు పెట్టారు. మన దగ్గరా పెట్టేవాళ్ళున్నారు. అప్పుడు నెదర్లాండ్స్ వాళ్ళు ఆ గేటునే పరీక్షకి పెట్టారు. 577 మందిని చీటీలు వేసినట్టు రెండుగా విడదీసి, ఒక జట్టుకి ముందు ఆరునెలల డైటు-వ్యాయామం, తర్వాత వైద్యం. రెండో జట్టుకి వెంటనే వైద్యం. 2016లో ఫలితం వచ్చింది. రెండేళ్ళలో నెలలు నిండి, మామూలు కాన్పులో ఆరోగ్యంగా బిడ్డ పుట్టినవాళ్ళు మొదటి జట్టులో 27.1 శాతం, రెండో జట్టులో 35.2 శాతం. ఆగమన్నవాళ్ళే వెనకబడ్డారు. అయితే వైద్యం లేకుండా దానంతట అదే గర్భం వచ్చినవాళ్ళు మాత్రం మొదటి జట్టులోనే ఎక్కువ, 26.1కి 16.2. 2022లో అమెరికాలో 379 మందితో మరో పరీక్ష జరిగింది. వీళ్ళకి అండం నెలనెలా సరిగానే వస్తోంది, పిల్లలు ఎందుకు లేరో తెలియదు. వీళ్ళు గట్టిగా బరువు తగ్గినా పిల్లలు పుట్టడంలో తేడా కనపడలేదు.

రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు అర్థమైంది ఇది. అండం ఆగినవాళ్ళకి కాస్త తగ్గడం మందులాంటిదే. అండం వస్తున్నవాళ్ళకి, అందులోనూ ముప్ఫయి ఆరు దాటినవాళ్ళకి, తగ్గేదాకా వైద్యం ఆపడం అంటే కాలం వృథా చెయ్యడం, ఎందుకంటే అండాల లెక్క త్రాసుకోసం ఆగదు. తగ్గడం వల్ల గర్భంలో బీపీ, షుగరు ముప్పు తగ్గుతుంది కాబట్టి ఆ పని వైద్యంతో పాటే నడవాలి, వైద్యం ముందు కాపలా కాయకూడదు. ఈ మాట మా డాక్టర్లతో చాలాసార్లు గట్టిగానే అన్నాను.

ఆ గేటు మీద రాసిన అంకె సంగతీ చెప్పాలి. 1830ల్లో బెల్జియం ఖగోళ శాస్త్రవేత్త క్వెటలే మనుషుల సగటులు తీయడానికి కట్టిన లెక్క అది. దానికి బీఎంఐ అని పేరు పెట్టింది 1972లో అమెరికన్ శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్. ఒక మనిషిని తూచడానికి పుట్టింది కాదు. 2004లో పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యడ్కిన్ ఇద్దరూ పక్కపక్కన నిలబడి ఫొటో దిగి ‘లాన్సెట్’లో వేశారు. ఇద్దరి బీఎంఐ 22.3. యడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2. మనం సన్నగా కనిపిస్తూ పొట్టలో కొవ్వు దాచుకునే జాతి. అందుకే ఆసియావాళ్ళకి 23 నుంచే జాగ్రత్త అన్నారు. నేను త్రాసుకంటే టేపుని నమ్ముతాను. ఆడవాళ్ళ నడుము 80 సెంటీమీటర్లు దాటిందా, అదీ నా మొదటి ప్రశ్న.

ఇంకో ఆచారం ఉంది మన ఊళ్ళలో, మంచం పట్టడం. ఐవీఎఫ్ తొలినాళ్ళలో పిండం లోపల పెట్టాక గంటల తరబడి పడుకోబెట్టేవారు. తర్వాతి పరీక్షల్లో దానివల్ల లాభం లేదని తేలింది. అయినా ఆసుపత్రి పక్క వీధిలో గది అద్దెకి తీసుకుని, మెట్లెక్కకుండా, తల్లి చేతి ముద్ద తింటూ రెండు వారాలు కదలకుండా పడుకునే అమ్మాయిలు ఇప్పటికీ ఉన్నారు. నడిస్తే జారిపోతుందని భయం. గర్భసంచి గోడల మధ్య ఒదిగిన పిండం అమ్మాయి మెట్లెక్కినంత మాత్రాన జారదు. ఆ భయమే ప్రయత్నిస్తున్న నెలలన్నిటికీ పాకి, వాకింగ్ కూడా మానేస్తారు. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ వ్యాయామం చెయ్యమన్నాయి. నా కాగితం మీద దాన్ని ఇలా రాస్తాను: రోజుకి అరగంట చురుగ్గా నడవడం, వారంలో రెండు రోజులు కండకి పని చెప్పే వ్యాయామం, కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడం, గోడకి దండీలు, నీళ్ళ సీసాలు ఎత్తడం.

తిండి విషయంలో నేను అన్నం మానమనను. పళ్ళెంలో ముందు కూర, పప్పు, గుడ్డో చేపో పెట్టుకుని, మిగిలిన చోట అన్నం పెట్టుకోమంటాను. పొద్దున ఇడ్లీకి బదులు పెసరట్టు, సాయంత్రం బిస్కట్లకి బదులు ఉడకబెట్టిన శనగలు, వారానికి అరకిలోకి మించని తగ్గుదల. ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు గర్భం రాకముందు నుంచే. ఈ మధ్య అందరూ అడుగుతున్న సన్నబడే ఇంజెక్షన్లు వేసుకుంటుంటే డాక్టరుకి తప్పక చెప్పమంటాను. వాటిలో ఒకటైన సెమాగ్లూటైడ్‌ని ప్రయత్నం మొదలుపెట్టడానికి కనీసం రెండు నెలల ముందే ఆపాలి. బక్కగా ఉండి నెలసరి తప్పిన అమ్మాయి వస్తే కాగితం తిరగరాస్తాను: వ్యాయామం తగ్గించు, నెయ్యి వేసుకో, మధ్యాహ్నం ఒక నిద్ర తియ్యి. అలాంటివాళ్ళకి ఇంట్లో ఎవరూ సానుభూతి చూపరు, సన్నగా ఉందంటే ఆరోగ్యమే అనుకుంటారు.

మగవాళ్ళని తూచే అలవాటు మాత్రం ఆసుపత్రుల్లో ఇప్పటికీ సరిగా మొదలవలేదు. అమ్మాయితో అత్తగారు వస్తుంది, భర్త బయట బండి మీద కూర్చుంటాడు. “మావాడికేం లేదండీ, రిపోర్టు బాగుంది” అంటుంది అత్తగారు. పొట్ట కొవ్వు మగ హార్మోనుని ఆడ హార్మోనుగా మార్చేస్తుందని, వీర్యకణం తయారవడానికి దాదాపు 74 రోజులు పడుతుందని, అంటే ఇవాళ మానేసిన సిగరెట్టు ఫలితం రెండున్నర నెలల తర్వాతే కనపడుతుందని చెప్పి, అతన్ని లోపలికి పిలిపిస్తాను. నడుము 90 దాటితే ఇద్దరికీ ఒకే కాగితం. సాయంత్రం ఇద్దరూ నడవండి అంటే, రాత్రి పదింటికి గానీ కొట్టు కట్టనండీ అంటాడు. సరే, తెరవకముందు నడువు బాబూ అని, బందరు కాలవ గట్టు, పొద్దున ఆరున్నర అని అతని పేరు ఎదురుగా రాస్తాను.